కడుపు గుమ్మంలో కావలి

కొత్త ఊరు చేరిన మనవాడు నాలుగు రోజులు కడుపు చెడి మంచం పడితే, "ఆ ఊరి నీళ్ళు వాడికి పడలేదు" అంటారు మన పెద్దలు. ఆరు మాసాలు గడిచాక అతడే ఆ నీళ్ళు తాగి, ఆ ఊరి అన్నం తిని నిబ్బరంగా తిరుగుతూంటే, "ఇప్పుడు నీళ్ళు పడ్డాయి" అంటారు. పొట్ట చేతబట్టుకొని షోలాపూరు మగ్గాలకూ, బరంపురం బజారుకూ, బొంబాయి, బెంగుళూరు, మద్రాసు నగరాలకూ తరాల క్రిందట వచ్చి చేరిన మన కుటుంబాలలో ఈ మాట వినని ఇల్లు ఉండదు.

నీళ్ళు మారలేదు, మనిషి లోపలే ఏదో మారింది. ఆ మార్పులో ఒక ముఖ్యభాగం కడుపు లోపొర మీద, పేగుల లోపొర మీద జరుగుతుందని తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు ఇంచుమించు నూరేళ్ళు పట్టింది. ఆ నూరేళ్ళ కథను మన సంచిక పాఠకుల ముందు పెట్టాలని ఈ వ్యాసం. ఇది దూరదేశపు ప్రయోగశాలల కథే అయినా, చివరకు మన ఇంటి పురిటిగదిలోకి వచ్చి ఆగుతుంది. అందుకే ఇంట్లో పెద్దలూ, కొత్తగా తల్లులయ్యేవారూ కూడా దీనిని చదవాలని కోరిక.

నెత్తురులోనే అంతా ఉన్నదనుకున్న రోజులు

1890లో బెర్లిన్ నగరంలో బెహ్రింగ్ అనే జర్మను వైద్యుడూ, కిటసాటో అనే జపాను వైద్యుడూ కలిసి ఒక గొప్ప విషయం బయటపెట్టారు. ధనుర్వాతపు విషాన్ని కొద్దికొద్దిగా ఇచ్చి అలవాటు చేసిన జంతువు నెత్తురులో, ఆ విషాన్ని విరిచే పదార్థమేదో పుడుతుంది. ఆ నెత్తురు తేటను తీసి మరొక జంతువుకు ఎక్కిస్తే దానికీ రక్షణ కలుగుతుంది. కంఠసర్పి అనే డిఫ్తీరియా వ్యాధికీ ఇదే సూత్రం పనిచేసింది. గొంతు మూసుకుపోయి చనిపోయే పసిపిల్లలు ఎందరో ఈ సీరంతో బతికి బట్టకట్టారు. 1901లో వైద్యశాస్త్రానికి ఇచ్చిన మొట్టమొదటి నోబెలు బహుమతి బెహ్రింగుకు వచ్చింది.

ఆ పదార్థానికే తర్వాత యాంటీబాడీ అని పేరు నిలిచింది. మన భాషలో ప్రతిరక్షకం అందాం. ఏ రోగానికి తగిన ప్రతిరక్షకం ఆ రోగానికే పనిచేస్తుంది. తాళానికి తాళపుచెవి లాగా, ఒకదానికి చేసినది మరొకదానికి పట్టదు.

ఈ విజయం ఎంత పెద్దదంటే, ఆనాటి వైద్యలోకమంతా నెత్తురు వైపే చూడసాగింది. రక్షణ అంటే నెత్తురులో ఉండేదే అనుకున్నారు. నెత్తురులో ప్రతిరక్షకాలు పుట్టిస్తే ఏ రోగాన్నయినా ఆపవచ్చునని నమ్మారు. ఆ నమ్మకం చాలా రోగాల విషయంలో నిజమే అయింది. కాని కడుపు దగ్గరకు వచ్చేసరికి లెక్క తప్పింది.

గురివింద గింజ చెప్పిన రహస్యం

లెక్క తప్పుతుందని సూచించే ఆధారం ఒకటి చాలా ముందే దొరికింది. 1892లో బెర్లిన్‌లోనే పాల్ ఎర్లిఖ్ అనే వైద్యుడు ఎలుకలకు రెండు విషాలను అలవాటు చేశాడు. ఆ రెండూ మనం ఎరిగిన గింజలలోనివే. ఒకటి ఆముదపు గింజలోని రిసిన్. రెండవది మన కంసాలులు పూర్వం బంగారం తూచిన గురివింద గింజలోని అబ్రిన్.

విషానికి అలవాటుపడిన తల్లి ఎలుక కన్న పిల్లలను, అలవాటులేని మరొక ఎలుక దగ్గర పాలకు వదిలాడు. అలవాటులేని తల్లి కన్న పిల్లలను అలవాటుపడిన ఎలుక దగ్గర పాలకు వదిలాడు. పాల ద్వారా రక్షణ దిగుతుందని ఈ మార్పిడితో తేలిపోయింది. రక్షణ లేని తల్లికి పుట్టినా, రక్షణ ఉన్న ఎలుక పాలు తాగిన పిల్లలు విషానికి తట్టుకున్నాయి. కన్నతల్లి కడుపు ఇచ్చేది ఒకటైతే, పాలిచ్చిన రొమ్ము ఇచ్చేది మరొకటి.

1922లో అమెరికాలో థియొబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనే ఇద్దరు ఈ సంగతిని ఆవుదూడల మీద పరీక్షించారు. ఈనిన వెంటనే వచ్చే చిక్కని పాలను కొన్ని దూడలకు అందనీయలేదు. అందులో ఎక్కువభాగం కొద్ది రోజులలోనే రోగాలు సోకి చచ్చిపోయాయి. ఆ పాలు తాగిన దూడలు బతికాయి. మన పల్లెలలో పాడి పశువులున్న ఏ ఇల్లాలికైనా ఇది తెలిసిన సంగతే. దూడను కడుపునిండా తాగనిచ్చి, మిగిలినదే జున్నుకు పితుకుతుంది.

సూదికి లొంగని మరిడి

మన దేశంలో ఈ లెక్క తప్పిన తీరు కలరా కథలో స్పష్టంగా కనిపిస్తుంది. మనవాళ్ళు దానిని వాంతిభేది అన్నారు, మరిడి అన్నారు, మరిడమ్మకు జాతరలు చేశారు. 1884లో రాబర్ట్ కోహ్ కలకత్తాలో రోగుల పేగులలోనూ, ఆ పేటల చెరువు నీటిలోనూ కామా గుర్తులాగా వంగిన సూక్ష్మజీవిని చూపించి, కలరాకు కారణం ఇదేనని చెప్పాడు. 1892లో హాఫ్కిన్ అనే శాస్త్రజ్ఞుడు పారిసులో కలరా టీకా తయారుచేసి, ముందు తన శరీరంలోనే ఎక్కించుకున్నాడు. మరుసటి సంవత్సరం మన దేశానికి వచ్చి ఊరూరా తిరిగి సూదులు వేశాడు. బొంబాయి పరేలులో ఈనాటికీ ఆయన పేరుతో ఒక సంస్థ ఉన్నది.

అప్పటినుంచి మేళాలకూ, తీర్థాలకూ పోయే యాత్రికులకు కలరా సూది మామూలైంది. వయసు మళ్ళినవారికి ఆ సూది నొప్పీ, ఆ రాత్రి జ్వరమూ ఇంకా జ్ఞాపకం ఉంటాయి. సూది వేసుకున్నవారి నెత్తురులో ప్రతిరక్షకాలు పుట్టేవి. అయినా రక్షణ కొందరికే కలిగేది. కలిగినా కొద్ది నెలలే నిలిచేది. టీకా వేసుకున్నవారి పేగులలోనూ కలరా క్రిమి కాపురం చేస్తూనే ఉండేది. కనుక ఒక దేశంనుంచి మరొక దేశానికి రోగం పాకడాన్ని సూది ఆపలేకపోయింది. చివరకు 1973లో ప్రపంచ ఆరోగ్య సభ, దేశాంతరం వెళ్ళేవారికి కలరా టీకా పత్రం అవసరం లేదని నిర్ణయించింది.

ఎందుకిట్లా జరిగింది? దీనికి సమాధానం కలకత్తాలోనే దొరికింది. శంభునాథ్ డే అనే వంగ వైద్యుడు, పెద్ద వసతులేమీ లేని ప్రయోగశాలలో పనిచేస్తూ, 1959లో ఒక చిన్న పత్రం ప్రకటించాడు. కలరా క్రిములను పెంచిన ద్రవంనుంచి క్రిములన్నిటినీ వడగట్టివేసి, ఆ తేటను మాత్రమే కుందేలు పేగు ముడిలోకి ఎక్కించాడు. క్రిమి ఒక్కటీ లేకున్నా పేగు నీటితో ఉబ్బిపోయింది. అనగా క్రిమి విడిచే విషమే పేగు లోపొరను తాకి నీటిని పిండుతున్నది. క్రిమి నెత్తురులోకి పోవలసిన పనే లేదు. అది పేగులోనే, లోపొర మీదనే కూర్చొని మనిషిని చంపగలదు. శత్రువు ఊరి పొలిమేరలో ఉంటే, కాపలావాళ్ళనందరినీ కోట నడిమధ్య నిలబెట్టినట్లయింది సూది కథ.

పొలిమేరలో కనిపించిన జాడలు

పొలిమేరలోనే వేరే కాపలా ఉండవచ్చునని ఊహించినవారు లేకపోలేదు. పారిసులోని పాశ్చరు సంస్థలో బెస్రెద్కా అనే శాస్త్రజ్ఞుడు 1919 ప్రాంతంనుంచి ఈ మాటే చెబుతూ వచ్చాడు. ఏ అవయవానికి రోగం వస్తుందో ఆ అవయవమే తన రక్షణను తాను తయారుచేసుకుంటుందని ఆయన వాదం. చచ్చిన విరేచన క్రిములను నోటి ద్వారా కుందేళ్ళకు ఇచ్చి, నెత్తురులో చెప్పుకోదగ్గ ప్రతిరక్షకాలు లేకుండానే వాటికి రక్షణ కలిగిందని చూపాడు. చాలామంది నమ్మలేదు.

1922లో డేవిస్ అనే వైద్యుడు జిగట విరేచనాల రోగుల మలాన్ని పరీక్షించాడు. క్రిమికి విరోధమైన ప్రతిరక్షకాలు అందులో ఉన్నాయి. పైగా అవి నెత్తురులో కనిపించకముందే మలంలో కనిపించాయి. నెత్తురులోనుంచి కారి వచ్చినవైతే ముందు నెత్తురులో ఉండాలి గదా? కనుక అవి పేగులోనే పుట్టి ఉండాలి. ఇంత సూటి సాక్ష్యం దొరికినా, ఆ పదార్థాన్ని వేరుచేసి చూపే సాధనాలు ఆ కాలానికి లేవు. విషయం ముప్పయి, నలభై ఏళ్ళు మరుగున పడిపోయింది.

డే గారి పత్రం వచ్చిన 1959లోనే బెల్జియంలో హెరెమన్స్ అనే శాస్త్రజ్ఞుడు రక్తరసంలోనుంచి ఒక కొత్తరకం ప్రతిరక్షకాన్ని శుద్ధిచేసి చూపాడు. దానికే తర్వాత ఇమ్యునోగ్లోబులిన్ ఏ అని పేరు. వైద్యులు క్లుప్తంగా ఐజీఏ అంటారు. 1961లో స్వీడనులో హాన్సన్ తల్లిపాలను పరిశీలించి, వాటిలోని ఐజీఏ నెత్తురులోని దానికంటె భిన్నంగా ఉన్నదని గమనించాడు. 1965లో అమెరికాలో టొమాసీ, ఆయన సహచరులూ లాలాజలం, తల్లిపాలు మొదలైన స్రావాలను పోల్చి చూసి, వీటన్నిటికీ ఉమ్మడిగా నెత్తురుకు వేరైన రక్షణ ఏర్పాటు ఒకటి ఉన్నదని తేల్చారు. బెస్రెద్కా ఊహకు నలభై ఏళ్ళ తర్వాత ఋజువు వచ్చింది.

కావలివాని పని తీరు

ఈ కావలి ఎట్లా పనిచేస్తుందో కొంచెం వివరంగా చూద్దాం. మన శరీరంలో ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలలో ఎక్కువ భాగం పేగు గోడలోనే ఉన్నాయి. పెద్దవాని శరీరం రోజుకు కొన్ని గ్రాముల ఐజీఏను తయారుచేస్తుంది. మిగిలిన రకాల ప్రతిరక్షకాలన్నీ కలిపినా అంత ఉండవు. గుమ్మంలో కాపలాకు మన శరీరం పెడుతున్న ఖర్చు దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఈ కణాలు లోపొరకు అడుగున ఉంటాయి. శత్రువేమో లోపొరకు పైన ఉన్నాడు. మరి ప్రతిరక్షకం ఇవతలినుంచి అవతలికి ఎట్లా పోవాలి? లోపొర కణాలే దానిని దాటిస్తాయి. కణం అడుగు వైపున ఒక పట్టుకొమ్మ ఉంటుంది. అది ఐజీఏను పట్టుకొని, కణం లోపలినుంచి మోసుకొనిపోయి అవతలి గట్టున దింపుతుంది. దింపేటప్పుడు తనలో ఒక ముక్కను ఐజీఏకు తొడిగి పంపుతుంది. రేవు దాటించిన పడవవాడు ఎండకు తన గొడుగును కూడా ఇచ్చి పంపినట్లు! ఆ గొడుగే ప్రతిరక్షకాన్ని జీర్ణరసాలు తొందరగా కొరికివేయకుండా కాపాడుతుంది. ఈ పట్టుకొమ్మ నిర్మాణం 1984లో తెలిసింది.

అవతలి గట్టు చేరిన ఐజీఏకు రెండేసి చేతులున్న రెండు భాగాలు జోడై ఉంటాయి. కనుక ఒక్కొక్కటి ఒకేసారి ఒకటికి మించిన క్రిములను పట్టగలదు. అట్లా క్రిములను గుంపులు గుంపులుగా కట్టి, లోపొర మీద పరచుకొని ఉన్న జిగురులో ఇరికిస్తుంది. గోడను పట్టుకొనే కొక్కేలను మూసివేస్తుంది. విషాలను పట్టి నిర్వీర్యం చేస్తుంది. తర్వాత పేగు కదలికతో జిగురూ క్రిములూ కలిసి బయటికి పోతాయి.

ఇందులో పెద్ద మేలు ఇంకొకటి ఉన్నది. నెత్తురులోని ప్రతిరక్షకాలు శత్రువును చూస్తే తెల్లకణాలనూ, మంటపెట్టే పదార్థాలనూ పిలుస్తాయి. ఆ పోరాటంలో చుట్టుపక్కల గోడకూ దెబ్బ తగులుతుంది. ఐజీఏ సాధారణంగా ఆ గొడవ లేకుండా పని ముగిస్తుంది. రోజూ లెక్కలేనన్ని సూక్ష్మజీవులు వచ్చిపోయే దారిలో వచ్చినవానితోనల్లా కొట్లాట పెట్టుకుంటే ఇల్లు నిలవదు. నెమ్మదిగా గుమ్మం దాటించి పంపేవాడే మంచి కావలివాడు.

ఐజీఏ తక్కువగా పుట్టేవారూ, అసలే పుట్టనివారూ కొందరున్నారు. వారిలో చాలామంది మామూలుగానే జీవిస్తున్నారు. వారికి ఐజీఎం అనే మరొక ప్రతిరక్షకం అదే పడవ ఎక్కి వచ్చి కొంతవరకు ఆ పని చేస్తుంది. ప్రకృతి ఒకే కావలివాని మీద ఇల్లంతా వదలలేదు.

జీర్ణాశయంలో కాపురం పెట్టిన క్రిమి

ఇంతవరకు పేగుల సంగతి చెప్పుకున్నాం. అన్నం ముందుగా చేరే జీర్ణాశయం మాటేమిటి? అక్కడి ఆమ్లానికి ఏ క్రిమీ బతకదని, కనుక అక్కడ ప్రత్యేకమైన కాపలా అవసరం లేదని చాలాకాలం పాఠాలు చెప్పారు. కడుపులో పుండుకు కారణం మనోవ్యాకులత, కారం, పులుపు అన్నారు. కారం తినే తెలుగువారికి ఈ విషయంలో తగిలిన చీవాట్లు ఇన్నీ అన్నీ కావు!

1979లో ఆస్ట్రేలియాలోని పెర్తు నగరంలో రాబిన్ వారెన్ అనే వైద్యుడు, కడుపు నొప్పి రోగుల జీర్ణాశయపు లోపొర ముక్కలలో మెలితిరిగిన సూక్ష్మజీవులను చూశాడు. 1981లో బారీ మార్షల్ అనే యువవైద్యుడు ఆయనతో కలిశాడు. ఆ క్రిమిని పెంచాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా మొలకెత్తలేదు. 1982లో ఈస్టరు సెలవులు రావడంవల్ల పళ్ళేలు మామూలుకంటె ఎక్కువ రోజులు పెట్టెలో ఉండిపోయాయి. తిరిగివచ్చి చూస్తే క్రిమి పెరిగి ఉన్నది. 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి, కడుపు లోపొర వాపు తెచ్చుకొని, లోకానికి నమ్మకం కలిగించాడు. 2005లో ఇద్దరికీ నోబెలు బహుమతి వచ్చింది. ఆ క్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరి.

ఇది ఆమ్లంలో బతకడానికి ఒక ఉపాయం చేస్తుంది. యూరియేస్ అనే పదార్థంతో తన చుట్టూ అమ్మోనియా పుట్టించి ఆమ్లాన్ని విరిచివేస్తుంది. తోకలతో ఈదుకుంటూ జిగురు పొరలోకి దూరి, లోపొర పక్కనే కాపురం పెడుతుంది. ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ళనుంచి సోకి, మందు ఇవ్వకపోతే జీవితాంతం ఉంటుంది. ప్రపంచ జనాభాలో సగానికి దగ్గరగా దీనిని మోస్తున్నారు. చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరికి పుండ్లు పడతాయి, బహుకొద్దిమందికి జీర్ణాశయపు కాన్సరు వస్తుంది. 1994లోనే దీనిని కాన్సరు కారకాల జాబితాలో చేర్చారు.

ఈ క్రిమి సోకినవారి నెత్తురులోనూ, జీర్ణాశయంలోనూ దానికి విరోధమైన ప్రతిరక్షకాలు పుష్కలంగా పుడతాయి. అయినా అది కదలదు. ఒకసారి జిగురు లోపల స్థిరపడ్డ తర్వాత ప్రతిరక్షకం దానిని వెళ్ళగొట్టలేదు. మరి ప్రతిరక్షకం వల్ల ప్రయోజనమేమిటి? ప్రయోజనమంతా క్రిమి స్థిరపడకముందు ఉన్నది.

1993లో వచ్చిన రెండు పరిశోధనలు ఈ విషయం చెబుతాయి. అమెరికాలో ఎలుకలకు ఈ క్రిమి జ్ఞాతి ఒకదానిని ఇస్తూ, దానితోపాటు తగిన ఐజీఏను నోటి ద్వారా ఇచ్చారు. క్రిమి చాలామట్టుకు కాపురం పెట్టలేకపోయింది. ఆఫ్రికాలోని గాంబియా దేశంలో పాలు తాగే శిశువులను కనిపెట్టి చూశారు. ఏ తల్లుల పాలలో ఈ క్రిమికి తగిన ఐజీఏ ఎక్కువగా ఉన్నదో, వారి బిడ్డలకు క్రిమి ఆలస్యంగా సోకింది.

ఇంతమాత్రాన ప్రతిరక్షకమే సర్వమూ అనకూడదు. 1998లో ప్రతిరక్షకాలే పుట్టని ఎలుకలకు టీకా ఇచ్చి చూస్తే, వాటికీ ఈ క్రిమినుంచి రక్షణ కలిగింది. టీ కణాలు అనే మరొక సైన్యం ఆ పని చేసింది. 2015లో చైనాలో నాలుగు వేలకు మించిన పిల్లల మీద నోటి టీకాను పరీక్షిస్తే, మొదటి సంవత్సరం సుమారు 72 శాతం రక్షణ కనిపించింది. తర్వాతి సంవత్సరాలలో అది తగ్గింది.

క్రిమి స్థిరపడ్డవారికి మందులే శరణ్యం. ఆ మందులలో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్, మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థలోనుంచి 1948లో బయటికి వచ్చింది. ఆయన అన్నదమ్ములిద్దరిని సంగ్రహణి వ్యాధి బలిగొన్నది. కడుపు రోగంతో ఇంటిని పోగొట్టుకొని, ఊరు విడిచి, మద్రాసు దాటి, సముద్రం దాటి వెళ్ళిన ఆ తెలుగువాని పర్యవేక్షణలో పుట్టిన మందు జ్ఞాతి, ఈనాడు కడుపు పుండ్లకు వాడుకలో ఉన్నది.

పాఠకులకు ఒక సూచన. నెత్తురులో ఈ క్రిమి ప్రతిరక్షకాలు ఉన్నాయని పరీక్షలో తేలినంతమాత్రాన క్రిమి ఇప్పుడు ఉన్నదని అర్థం కాదు. ఎప్పుడో వచ్చి పోయినా ఆ గుర్తు మిగిలి ఉంటుంది. శ్వాస పరీక్ష, మల పరీక్ష వంటివి ఇప్పటి సంగతి చెబుతాయి. వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

వలసపోయే కణాలు

ఇప్పుడు మన పురిటిగదికి వద్దాం. చిన్న పేగు గోడలో అక్కడక్కడ గుంపులుగా ఉండే చిన్న మచ్చలను స్విట్జర్లాండు వైద్యుడు పేయర్ 1677లో వర్ణించాడు. అవి ఎందుకున్నాయో మూడు వందల ఏళ్ళు సరిగా తెలియలేదు. 1971లో క్రెయిగ్, సెబ్రా అనే ఇద్దరు, ఐజీఏ తయారుచేయబోయే కణాలు ఆ మచ్చలలో పుడుతున్నాయని కుందేళ్ళలో చూపారు. ఆ మచ్చలు పేగుకు బడులు. దారినపోయే క్రిమిని పట్టి, చూసి, గుర్తుపెట్టుకొనే పాఠం అక్కడ జరుగుతుంది.

పాఠం ముగిసిన కణాలు అక్కడే ఉండిపోవు. నెత్తురులో ప్రయాణమై శరీరమంతా తిరిగి, లోపొరలున్న చోట్ల స్థిరపడతాయి. అట్లా వలసపోయి చేరే చోట్లలో తల్లి రొమ్ము ఒకటి. 1975లో గర్భవతులకు కాన్పుకు కొద్దిరోజుల ముందు హానిలేని ఒక సూక్ష్మజీవిని మింగించి చూశారు. ఆ సూక్ష్మజీవికి సరిగ్గా తగిన ప్రతిరక్షకాన్ని తయారుచేసే కణాలు వారి ముర్రుపాలలో కనిపించాయి. 1977లో ఎలుకల మీద జరిగిన పరిశోధన, పేగు వైపు గ్రంథులనుంచి బయలుదేరిన కణాలే రొమ్మును చేరుతున్నాయని చూపింది.

దీని అర్థం ఎంత గొప్పదో చూడండి. తల్లి ఏ ఊరి నీళ్ళు తాగితే, ఏ ఇంటి అన్నం తింటే, ఆ ఊరి క్రిములకు తగిన కావలివాళ్ళు ఆమె పాలలో దిగుతారు. బిడ్డ పుట్టినది ఏ ఊరిలోనైనా, ఆ ఊరి నీళ్ళు పడేటట్లు చేసే మొదటి గురువు తల్లి పేగే. వలస వచ్చిన మన తల్లులు కొత్త భూమికి తాము అలవాటుపడి, ఆ అలవాటును పాలలో కలిపి పిల్లలకు పోశారు. మనిషి బిడ్డలో ఆ ప్రతిరక్షకాలు నెత్తురులోకి పెద్దగా పోవు. నోటినుంచి పేగు చివరిదాకా లోపొర మీదనే ఉండి కాపలా కాస్తాయి. 1983లో బంగ్లాదేశ్‌లో చేసిన పరిశోధన దీనికి సాక్ష్యం. తల్లిపాలలో కలరా ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉన్నచోట, క్రిమి బిడ్డ కడుపులో చేరినా విరేచనాలు కలగడం తగ్గింది.

ఈ ప్రతిరక్షకాలు అన్నిటికంటె ఎక్కువగా ఉండేది మొదటి రెండు మూడు రోజుల ముర్రుపాలలో. తర్వాతి పాలలో లీటరుకు ఇంచుమించు ఒక గ్రాము ఉంటే, ముర్రుపాలలో దానికి పదింతలదాకా ఉండవచ్చు. ఆ పాలు పసుపుపచ్చగా, చిక్కగా, కొద్దిగానే వస్తాయి. ఆ రంగు చూసి, చెడిపాలని, బిడ్డకు అరగవని పిండి పారబోసే ఆచారం కొన్ని ఇళ్ళలో ఉండేది. అది పూర్తిగా పోయిందని చెప్పలేము. ఆ పాలకు బదులు తేనెచుక్క, పంచదార నీళ్ళు, ఆముదం నాలుకకు రాయడం కూడా విన్నదే. ఆవుదూడకు ముర్రుపాలు తప్పక తాగించే ఇంట్లో, మనవడికి మాత్రం వాటిని పారబోయడం ఎంత విపరీతం! పుట్టిన గంటలోగా బిడ్డను రొమ్ముకు పట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పెద్దల మీద గౌరవంతోనే ఈ ఒక్క ఆచారాన్ని మనం వదులుకోవాలి.

నోటినుంచి వచ్చిన టీకా

గుమ్మంలో కావలి కావాలంటే టీకా కూడా గుమ్మం ద్వారానే పోవాలని ఈ చరిత్ర నేర్పింది. కలరాకు నోటి టీకాలు అట్లా వచ్చాయి. 2006లో కలకత్తా పేటలలో అరవై వేలకు మించిన జనంలో అటువంటి టీకాను పరీక్షించారు. ఐదేళ్ళ తర్వాత కూడా సుమారు 65 శాతం రక్షణ నిలిచింది. ఆ టీకాను షాంకాల్ పేరుతో తయారుచేసి 2009లో మన దేశపు అనుమతి పొందినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదంతో అది ఇతర దేశాలకు వెళ్ళింది. ఆ తయారీ తర్వాత ఆగిపోయింది. 2024లో హైదరాబాదులోనే భారత్ బయోటెక్ హిల్‌కాల్ అనే మరొక నోటి టీకాను విడుదల చేసింది. కోహ్ క్రిమిని చూపిన నగరంలో, డే గారు విషాన్ని పట్టిన నగరంలో పరీక్ష నెగ్గి, తెలుగు గడ్డ మీద తయారైన మందు షాంకాల్.

టీకా ఉన్నా, పాలు ఉన్నా, కావలివాని మీదనే భారమంతా వేయరాదు. శత్రువులు వేలకువేలుగా వచ్చి పడితే ఎంతటి కావలివాడూ ఆపలేడు. కాచి చల్లార్చిన నీళ్ళు, సబ్బుతో కడిగిన చేతులు, మూత పెట్టిన అన్నం కావలివానికి మనం చేసే సాయం.

ఉగాదినాడు పరగడుపున వేపపువ్వు పచ్చడి నోట వేసుకున్నప్పుడు, ఆ చేదూ తీపీ లోపలికి దిగే దారిలో మనకు కనిపించని కావలివాళ్ళు నిలిచి ఉన్నారని ఒక్కసారి తలుచుకుందాం. ఈ సంవత్సరం మన కుటుంబాలలో పుట్టబోయే ప్రతి బిడ్డకూ మొదటి ముర్రుపాల చుక్క దక్కుగాక! మనం చేరిన ప్రతి ఊరి నీళ్ళూ మన పిల్లలకు చక్కగా పడుగాక!